సుద్ద పూసుకున్న నల్ల కారు

ఆ శనివారం పొద్దున అమోఫా వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు సెర్వా పదింటికి మాంపాంగ్ ఊరి నుంచి వస్తుంది. ఈలోపు కొత్త కారుకి మైనం పట్టించి, తళతళ మెరిపించి, ఆవిడ కంటపడేలా వాకిట్లో నిలబెట్టాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

అత్తగారికే ఎందుకు చూపించాలంటే, దాని వెనక ఒక అవమానం ఉంది. పిల్లనడగడానికి వెళ్లిన రోజు అమోఫా దర్జాగా స్నేహితుడి కారు అరువు తెచ్చుకున్నాడు. అది సెర్వా గుమ్మం ముందు ఆగీ ఆగగానే ముందు బంపర్ ఊడి పెద్దమనుషుల కాళ్ల దగ్గర పడింది. ఆవిడ ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు, పిల్లనిచ్చి పెళ్లి చేసింది. కానీ ఆనాటి నుంచీ అల్లుణ్ణి పేరుపెట్టి పిలిస్తే ఒట్టు. "బంపర్ ఇంట్లో ఉన్నాడా? బంపర్‌కి ఇంకాస్త కూర వెయ్యి" అంటుంది. ఆ పేరు మాంపాంగ్ అంతా పాకి, ఇప్పుడు అక్కడి చిన్నపిల్లలు కూడా అతన్ని గౌరవంగా "బంపర్ మామయ్యా" అని పిలుస్తున్నారు.

అందుకే ఈ కారు. నల్లటి నలుపు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా అతను ఇంకా తీయనివ్వలేదు. జనవరి నెల, ఎడారి గాలి కుమాసి పట్నం మీద ఎర్రదుమ్ము చల్లి పోతున్న రోజులు. అలాంటి రోజుల్లో నల్ల కారు కొనేవాడికి ధైర్యమైనా ఉండాలి, మరొకటైనా లోపించాలి.

మైనం డబ్బా మీద నాలుగు మాటలున్నాయి. ఎండలో రాయకూడదు, పలుచగా రాయాలి, మసకబారగానే మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడవాలి, ఆరు నెలల దాకా రంగుకి రక్షణ. పలుచగా అన్నది పిసినారుల కోసం రాసి ఉంటారని అమోఫా తీర్మానించుకున్నాడు. ఎండ సంగతే ఇబ్బంది. వాకిట్లో చెట్టు లేదు. వీధిలో నీడ ఉన్నది ఒక్కచోటే, అద్దాయ్ తాత చావుకి వేసిన షామియానా కింద.

అద్దాయ్ తాత ఆ పేటలోకెల్లా పాత లారీ డ్రైవరు. తొంభై దాటి, మునిమనవల్ని ఎత్తుకుని మరీ పోయాడు. అలాంటి నిండు బతుక్కి దుఃఖానికి కట్టే ఎర్రబట్టలు కట్టరు, నలుపు మీద తెలుపు కడతారు. సెర్వా వస్తున్నది కూడా ఆ చావుకే, పడుచుతనంలో ఆవిడ సంతకెళ్లింది ఆయన లారీలోనే. పొద్దున్నే అందరూ చర్చికీ, అక్కణ్ణించి శ్మశానానికీ వెళ్లారు. షామియానా ఖాళీగా ఉంది.

"అక్కడ పెట్టకయ్యా," అంది భార్య అఫ్రియె గుమ్మంలోంచి. "పోయినేడు ఎవరో చావు పందిరికి తడిబట్టలు ఆరేస్తే పెద్దలు జరిమానాగా గొర్రె కట్టించుకున్నారు. గుర్తుందా?"

"వాళ్లొచ్చేలోపు తీసేస్తానుగా. గంట పని."

"నీ గంట నాకు తెలుసు."

అమోఫా కారుని షామియానా నడిమధ్యకి నడిపి, డబ్బాలోని మైనమంతా దాని ఒంటికి పట్టించాడు. పని చాలా బాగా సాగింది. అరటిపండు వాసన గుప్పుమంది. చూస్తుండగానే మైనం ఆరి, కారు నిండా తెల్లటి పూత తేలింది. ఇక తుడవడమే తరువాయి అనుకుని చూసుకుంటే చేతిలో గుడ్డ లేదు.

గుడ్డ కోసం ఇంట్లోకి వెళ్లాడు. అతని చేతికి మెత్తగా తగిలిన గుడ్డ, అఫ్రియె ఆ చావుకని ఇస్త్రీ చేసి పెట్టుకున్న కొత్త బట్ట. ఆవిడ ఒక కొస పట్టుకుంది, అతను రెండో కొస వదల్లేదు. ఆ తగవు తేలి, పాత బనీను ఒకటి చేతికొచ్చి, అతను వీధిలోకి వచ్చేసరికి లోకం మారిపోయింది. కుర్చీలవాళ్లు వచ్చి కారు చుట్టూ నాలుగు పక్కలా కుర్చీలు వేసేశారు. వాటి వెనక నిలువెత్తు స్పీకర్లు, వాటి వెనక డ్రైవర్ల సంఘం వాళ్ల లారీలు బారుగా అడ్డం. శ్మశానం నుంచి జనం తిరిగొచ్చి కూర్చుంటున్నారు. అతని కారు ఆ మధ్యలో తెల్లగా, ఒంటరిగా నిలబడి ఉంది.

అమోఫా పైప్రాణాలు పైనే పోయాయి. నిక్కరుతో, చేతిలో బనీనుతో చావు పందిట్లోకి అడుగుపెట్టడం కుదరదు. అఫ్రియె అతన్ని లోపలికి లాగి, నలుపూ తెలుపూ బట్ట భుజం మీదుగా చుట్టి, బయటికి తోసింది.

"ముందు అందరితో చెయ్యి కలుపు. నేరుగా కారు దగ్గరికి పోయావంటే ఒక గొర్రెతో వదలరు."

చావుకి వెళ్లినవాడు కుడివైపు నుంచి మొదలుపెట్టి కూర్చున్న ప్రతి ఒక్కరితో చెయ్యి కలపాలి. తరవాత తనూ కూర్చోవాలి, అప్పుడు వాళ్లు లేచొచ్చి తనతో చెయ్యి కలుపుతారు. కంగారుపడితే మర్యాద కాదు. అమోఫా చేతులు కలుపుతూ పోతున్నాడు, కళ్లు మాత్రం కారు మీదే ఉన్నాయి. పూత గట్టిపడుతోంది. మేనత్తలు, పినతల్లులు, లారీ యజమానులు ఎంతకీ అయిపోవడం లేదు. ఒక ముసలాయన అతని చెయ్యి పట్టుకుని, అద్దాయ్ తాత బురదలోంచి లారీ లాగిన కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆ బురదలోకి తనే దిగిపోతే బాగుండునని అమోఫాకి అనిపించింది.

వరస చివర్లో వంశం పెద్ద ఒపోకు కూర్చుని ఉన్నాడు. ఆయన చెయ్యి వదల్లేదు.

"ఆ కారు ఎవరిది నాయనా?"

"నాదేనండీ."

"కొత్తదా?"

"వారమైందండీ."

వరసంతా వీళ్లవైపు తిరిగింది. అమోఫాకి గొర్రె అరుపు వినిపించింది, నిజంగానే ఎవరి పెరట్లోదో.

"దానికి ఆ తెల్లది ఎవరు పూశారు?"

అబద్ధమాడాలన్నా ఆ క్షణంలో అతనికి ఏదీ తోచలేదు. "నేనేనండీ. తెల్లారగట్లే లేచి, నా చేత్తోనే."

చూస్తుండగానే ఒపోకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెల్లగా లేచి మైకు అందుకున్నాడు.

"అందరూ వినండి. మనం చావుకి నలుపు మీద తెలుపు కట్టుకుని వచ్చాం. గెలిచినవాడి ఒంటికి తెల్లసుద్ద పూస్తాం. మా అద్దాయ్ బతుకంతా గెలిచి వెళ్లాడు. ఆయనకి మీరంతా కొబ్బరినీళ్లు తెచ్చారు, సారా తెచ్చారు. కానీ డ్రైవరు పోతే ఆయన కోసం బండి కూడా నలుపూ తెలుపూ కట్టుకోవాలని ఎవరికైనా తట్టిందా? ఇదిగో, ఈ అబ్బాయికి తట్టింది. కొత్త కారు తెచ్చి, ఒళ్లంతా సుద్ద పూసి, తాత పందిట్లో నిలబెట్టాడు. ఈ అబ్బాయి పేరు అమోఫా."

డ్రైవర్లు లేచి లారీల దగ్గరికి పరిగెత్తి హారన్లు మోగించారు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఇప్పుడు నిజం చెప్తే గొర్రెతో పోయే వ్యవహారం కాదు.

సరిగ్గా ఆ సమయానికి మాంపాంగ్ బండి దిగి సెర్వా పందిట్లోకి వచ్చింది. మైకులో అల్లుడి పేరు విని, తప్పు విన్నానేమో అనుకుని అక్కడే ఆగిపోయింది.

"ఎవరు? మా బంపరా?" అంది పక్కావిడతో.

"బంపరేంటమ్మా, అమోఫా అట. మీకు ఏమవుతాడు?"

సెర్వా నడుముకి గుడ్డ బిగించింది. డప్పులు అందుకోగానే, ఆ వయసులో అంత బాగా అడుగు వేసేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరని అందరికీ తెలిసేలా, ఆడుకుంటూ కారు దగ్గరికి వెళ్లింది. గెలిచినవాడి సుద్ద కాస్త మనకీ అంటితే మంచిదని అక్కడి నమ్మకం. రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి, చేతులకి పూసుకుందామని రుద్దింది. ఊడి రాలేదు. చేతిరుమాలు తీసి గట్టిగా రుద్దింది. కాస్త రాలింది. దాన్ని మోచేతుల దాకా పూసుకుని చేతులు పైకెత్తి చూపించింది.

ఇక ఎవరాగుతారు? మేనత్తలు లేచారు, పినతల్లులు లేచారు, డ్రైవర్లు రుమాళ్లు తీసుకుని వచ్చారు. తలా కాస్త సుద్ద తీసుకోవాలని ఊరు ఊరంతా కారుని రుద్దుతోంది. ముందు అమోఫా బిక్కచచ్చి చూశాడు. తరవాత అతనిలో యజమాని మేలుకున్నాడు.

"గుండ్రంగా, అత్తయ్యా, గుండ్రంగా," అన్నాడు వినయంగా. "తాతకి గుండ్రంగా అయితే ఇష్టం." ఇంకో పక్కకి పోయి, "అన్నా, తలుపు కింద ఎవరూ తీసుకోలేదు, అక్కడ బోలెడుంది," అన్నాడు. టైర్ల పక్కన మిగిలినది తీసుకోమని ఒపోకు గారిని స్వయంగా చెయ్యిపట్టి తీసుకెళ్లాడు.

డప్పులు ఆగేసరికి కారు మీద తెలుపన్నది లేదు. దుమ్ము పడినా జారిపోతోంది. సెర్వా బానెట్ మీదికి వంగి, అందులో కనిపించిన తన ముఖాన్ని చూసుకుని తలగుడ్డ సర్దుకుంది. అమోఫాకి పెళ్లినాడు కూడా ఇంత సంతోషం కలగలేదు. ఆ మాట అఫ్రియెతో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

డ్రైవర్ల సంఘం అక్కడికక్కడే నిర్ణయం చేసింది. అద్దాయ్ తాత తిరిగిన దారుల్లో లారీలన్నీ ఊరేగింపుగా వెళ్లాలి, ముందు ఈ కారు నడవాలి. ముందు సీట్లో, కరకరమంటున్న ప్లాస్టిక్ కవరు మీద, సెర్వా మహారాణిలా కూర్చుంది. వెనక ముప్పై లారీలు హారన్లు కొడుతున్నాయి. దారి పొడుగునా జనం బయటికొచ్చి చేతులూపుతున్నారు.

సెర్వా మంచినీళ్ల పొట్లం కొరికి తాగింది. నాలుగు చుక్కలు చేతి మీద పడి, ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి. ఆవిడ ఆ చేతిని తేరిపార చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"అమోఫా," అంది. పెళ్లైన తరవాత ఆవిడ నోట ఆ పేరు రావడం అదే మొదలు.

"చెప్పండి, అత్తయ్యా."

"సుద్ద అరటిపండు వాసన రాదు."

కారు కాస్త పక్కకి ఒరిగింది. అమోఫా నెమ్మదిగా సరిచేశాడు. వెనక లారీలు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"అందరికంటే ముందు పూసుకున్నది నేను," అంది సెర్వా, కిటికీలోంచి జనానికి చెయ్యూపుతూ. "ఇప్పుడు నువ్వు నోరు విప్పావంటే గొర్రె నీ ఇంటి నుంచి ఒకటీ, నా ఇంటి నుంచి ఒకటీ పోతాయి. బండి పోనీ నాయనా. మార్కెట్ వైపు తిప్పు, అక్కడ మా ఊరివాళ్లుంటారు."

అమోఫా మార్కెట్ వైపు తిప్పాడు. డబ్బా మీద రాసిన మాట నిజమే, జూలై నెల దాకా ఆవిడ నోట బంపర్ అన్న మాట రాలేదు.