గైగర్ కౌంటరుకు క్రమశిక్షణ

ఈ విశ్వంలోని ప్రతి పరమాణువూ ప్రకృతి నియమాలకు లోబడి నడుచుకుంటుంది. బడి గేటు దాటి లోపలికొస్తే మాత్రం భద్రతా సంఘం నియమాలకు లోబడాలి. ఈ సంగతి పాఠ్యపుస్తకంలో లేకపోవడం వల్లే సైన్సు టీచరమ్మ చిక్కుల్లో పడింది.

ఆవిడ చాలా ఏళ్లుగా పదో తరగతికి రేడియోధార్మికత పాఠం చెబుతోంది. కొన్ని పరమాణు కేంద్రకాలు నిలకడ లేక వాటంతటవే విచ్ఛిన్నమై వికిరణాన్ని వెదజల్లుతాయనీ, ఏది ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరనీ బోర్డు మీద బొమ్మలేసి చెబుతుంది. వికిరణం తగిలినప్పుడల్లా టిక్కుమనే గైగర్ కౌంటరు చప్పుడు మాత్రం నాలుకతోనే చేసి వినిపించేది. మనిషి నాలుక ఎంత తంటాలు పడ్డా తాళం ప్రకారమే కొడుతుంది. అసలు చప్పుడు అలా ఉండదట. ఆవిడా ఎన్నడూ వినలేదు. పిల్లలతో కలిసి ఒక్కసారి వినాలని ఆశ. కాళ్లరిగేలా తిరిగితే ఒక కాలేజీ వాళ్లు కౌంటరు అరువిచ్చారు. శుక్రవారం సాయంత్రానికి తిరిగి పంపెయ్యాలి.

సోమవారం పొద్దున స్టాఫ్‌రూములో అట్టపెట్టె విప్పి, పనిచేస్తుందో లేదోనని మీట నొక్కింది. టిక్. కాసేపు ఏమీ లేదు. టిక్ టిక్. మళ్లీ నిశ్శబ్దం. టీచరమ్మ ఊపిరి బిగబట్టింది. మిగతావాళ్లు టీ గ్లాసులు వదిలేసి గోడకి అతుక్కుపోయారు.

"ఏంటమ్మా అది?" అన్నారు డ్రిల్లు మాస్టారు. (భద్రతా సంఘం అధ్యక్షులు కూడా ఆయనే. ఈల ఉన్నది ఆయన దగ్గరే.)

"కంగారు లేదు మాస్టారూ. నేలలోంచి, గోడల్లోంచి, ఆకాశంలోంచి వికిరణం ఎప్పుడూ కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మన ఒంట్లోనూ ఉంటుంది."

"మా ఇంటా వంటా లేదమ్మా అలాంటిది! అయినా ఆ కొట్టుకోవడమేంటి? ఓసారి ఒకటి, ఓసారి రెండు. ఒక పద్ధతీ పాడూ లేదు."

అప్పటికప్పుడు సంఘం సమావేశమైంది. కౌంటరును ఆటసామాను గదిలో ఉంచాలనీ, దాన్ని ముట్టుకున్న టీచరమ్మ కుర్చీని కిటికీ పక్కకు జరపాలనీ తీర్మానించింది.

"ఎండలో నిలబడినంత మాత్రాన మనం దీపాల్లా వెలుగుతామా మాస్టారూ?" అంది టీచరమ్మ. "వికిరణం తగలడం వేరు, రేడియోధార్మిక పదార్థం ఒంటికి అంటుకోవడం వేరు. ఇక్కడ నేనసలు ఏ పదార్థమూ తేలేదు."

"వెలగం. కానీ వేడెక్కుతాం కదా!"

సంఘం ఈ వాదనతో ఏకీభవించింది.

"ఒకవేళ ఆ పదార్థం నాకంటుకుందనుకున్నా, అర్ధజీవిత కాలం అని ఒకటుంటుంది. ఆ గడువులో సగం తగ్గుతుంది, మళ్లీ అంతే గడువులో మిగిలినదాంట్లో సగం..."

ఇది సంఘానికి బాగా నచ్చింది. టీచరమ్మ కుర్చీకి, మిగతా కుర్చీలకు మధ్య దూరాన్ని రోజుకు సగం చొప్పున తగ్గించాలని ఉత్తర్వు వేసింది. (ఈ లెక్కన ఆవిడ ఎప్పటికీ పూర్తిగా పక్కకి రాలేదని లెక్కల టీచరు అక్కడికక్కడే నిరూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు.)

తర్వాత సంఘం అసలు నియమం చేసింది: కౌంటరు సున్నా చూపించిన గదిలోనే పాఠం జరగాలి. నాలుగు రోజులు బడంతా గాలించారు. మెట్ల కింద టిక్. మైదానంలో టిక్. అన్నిటికంటే జోరుగా హెడ్మాస్టరు గారి గదిలో.

"సార్ కొత్తగా గ్రానైటు వేయించారు కదా," అంది టీచరమ్మ. "అందులో సహజంగానే కాస్త ఎక్కువుంటుంది. ప్రమాదమేం లేదు సార్."

హెడ్మాస్టరు గారు రెండు కాళ్లూ ఎత్తి కుర్చీలో మఠం వేసుకున్నారు. ఆ రోజు సంఘం సమావేశం ఆ గదిలోనే, అదే భంగిమలో సాగింది. గౌరవసూచకంగా సంఘ సభ్యులు కూడా కాళ్లెత్తేశారు.

శుక్రవారం మధ్యాహ్నానికీ సున్నా దొరకలేదు. టీచరమ్మ హెడ్మాస్టరు గారి గది గుమ్మంలో నిలబడింది.

"సార్, సాయంత్రం కాలేజీ బండొచ్చి తీసుకెళ్లిపోతుంది. మళ్లీ ఇవ్వరు. ఐదు నిమిషాలు చాలు సార్. పిల్లలు ఒక్కసారి వింటే చాలు."

హెడ్మాస్టరు గారి మనసు కరిగింది. (కాళ్లు కూడా తిమ్మిరెక్కాయి.) "పాపం, అమ్మాయి అంతలా అడుగుతుంటే ఎలా మాస్టారూ? ఏదో ఒక దారి చూడండి."

డ్రిల్లు మాస్టారు కౌంటరును అటూ ఇటూ తిప్పి, వెనక మూత తీసి, బ్యాటరీలు రెండూ జేబులో వేసుకున్నారు. అంకెలు కనిపించే అద్దంలో సున్నా కూడా లేదు. సున్నాకంటే తక్కువైతే మరీ మంచిదని సంఘం భావించింది. పాఠానికి వెంటనే అనుమతి వచ్చింది.

"మాస్టారూ, ఆ బ్యాటరీలు..."

"నా దగ్గర భద్రంగా ఉంటాయిలేమ్మా, నువ్వు దిగులు పెట్టుకోకు."

చివరి పీరియడులో కౌంటరును బల్ల మీద పెట్టారు. పిల్లలంతా ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి విన్నారు. టీచరమ్మ కిటికీలోంచి బండి వచ్చే దారి వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపటికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"టీచర్, ఏం వినపడట్లేదు."

"అదేనమ్మా భద్రతంటే," అన్నారు తలుపు దగ్గర్నుంచి డ్రిల్లు మాస్టారు.

ఆ సాయంత్రం సంఘం తన నివేదిక ముగించింది: పాఠం సురక్షితంగా జరిగింది, పిల్లల్లో ఎలాంటి మార్పూ కనిపించలేదు.