రాజుగారికి అర అంగుళం

రాయవలస పట్టణంలో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషి నుంచీ అర అంగుళం ఎత్తు తీసుకుని రాజుగారికి కలుపుతారు. ఓటరు కార్డు ఇచ్చే కౌంటరులోనే, అదే రోజున ఆ పనీ అయిపోతుంది. నెత్తిమీదికి కొయ్య చట్రం దించి ఒక్క నొక్కు నొక్కుతారు. రెండు రోజులు మెడ పట్టేసినట్టు ఉంటుంది, అంతే. సాయంత్రానికల్లా రాజుగారు ఆ మేరకు పెరుగుతారు. తెలివైన తల్లిదండ్రులు ఆ ఏడాది పిల్లలకు బట్టలు కాస్త పొట్టిగానే కుట్టిస్తారు.

ప్రస్తుతం రాజా చిత్రభాను భూపతి గారు ఊళ్లోని నీళ్ల ట్యాంకు కన్నా పొడుగు. కోట చాలక సంతబయలులో నిలబడి ఉంటారు. ఆయనకు అధికారాలేమీ లేవు. వీధి కుళాయి వెయ్యాలన్నా మునిసిపల్ ఛైర్మనే వెయ్యాలి. అలాగని ఆయన ఊరికే ఉన్నారనడానికీ వీల్లేదు. భుజాల మీద రెండు సెల్‌ఫోను కంపెనీల యాంటెనాలు మోస్తున్నారు. ఎండాకాలం సాయంత్రాలు ఆయన నీడ కూరగాయల బజారు మీద పడుతుంది. సెలవు రోజుల్లో పొరుగూరివాళ్లు వచ్చి ఆయన మడమల దగ్గర ఫొటోలు దిగుతారు.

ఈ కాలంలో రాజు వల్ల ప్రజలకు ప్రయోజనం ఉందో లేదో తేల్చమని ప్రభుత్వం ఏకసభ్య సంఘం వేసింది. ఆ ఒక్క సభ్యుడు, విశ్రాంత జాయింటు కలెక్టరు పరాంకుశం గారు, మునిసిపల్ హాల్లో బహిరంగ విచారణ పెట్టారు. కిటికీలోంచి రాజుగారి మోకాళ్లు కనిపిస్తున్నాయి. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా ప్రయోజనం ఉందనే చెప్పారు. ఏమిటది అని అడిగితే చాలామంది కిటికీ వైపు చూపించి ఊరుకున్నారు.

అప్పుడు ఇప్పిలి సునంద లేచింది. ఆ వారమే ఆమె పోలీసు కానిస్టేబుల్ ఎంపికలకు వెళ్లొచ్చింది. పరుగులో మొదట వచ్చింది. కొలత దగ్గర అర అంగుళం తక్కువైంది. సోమవారం మళ్లీ కొలుస్తామని, అప్పుడూ తక్కువైతే ఇంటికి పొమ్మని చెప్పారు. టిఫిన్ బండి పెట్టుకుని ఇల్లు లాక్కొస్తున్న తల్లి ఎర్రయ్యమ్మ పక్కనే కూర్చుని ఉంది. చిన్నప్పటి నుంచీ సునంద ఈ ఉద్యోగం తప్ప ఇంకేదీ కోరుకోలేదు.

"నా అర అంగుళం నాకు ఇప్పించండి సార్," అంది. "కొలత అయిపోయాక తెచ్చి ఇచ్చేస్తాను."

హాలు నిర్ఘాంతపోయింది. పరాంకుశం గారు చట్టం తిరగేశారు. ఎత్తు తీసుకోవడం గురించి ఉంది గాని, తిరిగి ఇవ్వడం గురించి ఎక్కడా లేదు. అందుచేత రాజుగారినే అడగాలని తేల్చారు. పండుగ సందేశాల కోసం ఆయన కాలరుకు ఎప్పుడూ మైకు కట్టి ఉంటుంది. ప్రశ్న పైకి పంపారు.

కాసేపటికి హాల్లోని స్పీకర్లలోంచి జవాబు వచ్చింది.

"ఇచ్చేయండి. ఆ అమ్మాయిదే కాదు, అందరిదీ పట్టుకుపోండి. నేను కూర్చుని ఎన్నో ఏళ్లయింది. మోకాళ్లు నొప్పులు. ఇక్కడి నుంచి నాకు మనుషులెవరూ కనబడరు."

సునంద గుండె తేలికపడింది. అంతలో వెనక వరసలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. చూస్తూండగానే హాలంతా కళ్లు తుడుచుకుంటోంది.

"ఇన్నావా ఆ మాట?" ఎర్రయ్యమ్మ కూతురి భుజం పట్టుకుంది. "అడగ్గానే అంతా ఇచ్చీమన్నాడు. అలాటి మారాజు కాడ ఎనక్కి లాక్కుంతావేటే?"

"ఆయనే తీసుకోమంతన్నాడు కదే అమ్మా."

"ఆయన అలాగే అంతాడు. మనం తీసుకుంతామేటి? ఆయన పొట్టోడైపోతే మన ఊరి మొకం ఎవులు సూస్తారు?"

పోలీసు మైదానంలో కూడా సునందకు ఇంత దెబ్బ తగల్లేదు. అక్కడ కాదన్నవాళ్లు పరాయివాళ్లు.

స్పీకర్లలో రాజుగారు దగ్గారు. "నేను చెప్పింది వినబడిందా?" అని అడిగారు. వినబడిందని హాలంతా చేతులు జోడించింది.

పరాంకుశం గారు కళ్లద్దాలు తుడుచుకుని, ఇంతటి త్యాగబుద్ధి గల రాజు ఉండటమే ప్రజలకు ప్రయోజనమని నివేదికలో మొదటి వాక్యం రాసుకున్నారు. ఛైర్మను లేచాడు. రాజుగారి మనసుకు కృతజ్ఞతగా అర అంగుళాన్ని అంగుళం చేద్దామని, ఇదివరకే ఇచ్చినవాళ్లు మిగతా సగం ఇవాళే ఇద్దామని తీర్మానం పెట్టాడు. సమ్మతించేవాళ్లు చెయ్యెత్తాలన్నాడు.

చేతులు లేచాయి. సునంద వాటిని చూస్తూ నిలబడింది. అన్ని చేతుల్లో ఒకటి తనదేనని తెలిసి అదిరిపడింది. ఎప్పుడు ఎత్తిందో ఆమెకే తెలియదు. దించుదామనుకుంది గాని అందరూ చూస్తున్నారు. గుమాస్తా అప్పటికే లెక్కపెట్టేసి ఏకగ్రీవమని చదివాడు.

మధ్యాహ్నం కౌంటరు ముందు వరస కట్టారు. సునంద వంతు వచ్చింది. చట్రం దించబోతూ గుమాస్తా, ఆమె తల వంచుకుని ఉండటం చూసి ఆగాడు.

"నిటారుగా నిలబడమ్మా," అన్నాడు. "లేకపోతే కొలత తప్పుతుంది."

సునంద నిటారుగా నిలబడింది.