స్కీ మాత్రం ఇండిపెండెంట్

దీపావళి సెలవులయ్యాక వచ్చిన రెండో ఆదివారం పొద్దున, సూరత్ బమ్రోలిలో ఒక మూడంతస్తుల మేడపై గదిలో, దేవదాస్ తన జీవితంలో మొదటిసారి ఒక ప్లాను వేశాడు. అంతవరకు ఆయన ప్లానులన్నీ మిల్లే వేసేది. నగర శివారు సచిన్‌లో, బట్టకు రంగులేసే డైయింగ్ మిల్లులో, తడిబట్టను నూట ఎనభై డిగ్రీల వేడిలో ఆరబెట్టే మిషను పక్కన ఆయన పద్దెనిమిదేళ్ళుగా నిలబడుతున్నాడు. దీపావళికి మిల్లు మూస్తే సొంతూరు సిరిసిల్లకు పోవడం, తెరిస్తే రావడం. అలాంటి మనిషికి ఏం కోరిక ఉంటుంది? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మంచులో నిలబడి చలికి పళ్ళు టకటకలాడించాలి. మిషను తలుపు తెరిచినప్పుడల్లా ఆయన మొహాన కొట్టే వేడిగాలికి ఈ కోరిక ఏటా కొంచెం ముదురుతూ వచ్చింది.

కోరికకు స్కీ అని పేరు పెట్టింది కూతురు అమూల్య. ఎనిమిదో తరగతి, సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. క్రిస్మస్‌కు బడి వారం రోజులు సెలవు. కాళ్ళకు రెండు పొడుగాటి పలకలు కట్టుకుని మంచుకొండ మీంచి జారే మనుషుల వీడియో ఒకటి ఆ పిల్ల తండ్రికి చూపించింది. ఆయన దాన్ని మిల్లు క్యాంటీన్లో రోజూ చూస్తూ, టీ చల్లారబెట్టుకుంటూ వచ్చాడు.

"పప్పా, గ్రూప్ టూర్ నక్కో. వాళ్ళు వంట మహారాజ్‌ను గూడ బస్సుల ఎక్కిస్తరు. మంచుల కూసోని గా ఖమణ్ ఢోక్లానే తినాలె మనం," అంది అమూల్య.

"ఛల్, మనమే పోదాం బిడ్డా. చండీగఢ్ దాంక రైలు, ఆడికెల్లి మనాలికి బస్సు. ఇంకేదన్న గాని, స్కీ మాత్రం ఇండిపెండెంటే. డిసెంబర్ ఇరవై రెండు పొద్దుగాల బయలెల్లుడే," అన్నాడు దేవదాస్.

వంటగట్టు దగ్గర దేవదాస్ తల్లి గంగవ్వ పోపు పెడుతోంది. ఆవాల చిటపటలో ఆమెకు వినపడింది ఇంతే: స్కీమ్... ఇండిపెండెంటే... డిసెంబర్ ఇరవై రెండు. సూరత్‌లో స్కీమ్ అంటే కొత్తగా కట్టే ఇళ్ళ కాలనీ. మనవాళ్ళకు ఇండిపెండెంట్ అంటే పక్కింటితో గోడ పంచుకోని ఇల్లు. రెండు ముక్కలూ బాగా తెలిసిన మనిషి కనుకే గంగవ్వ పొరపడింది. ఏమీ తెలియని మనిషైతే, స్కీ అంటే ఏందిరా అని అడిగి ఊరుకునేది.

ఆమె అడగలేదు. కొడుకు తనను ఆశ్చర్యపరచాలని దాస్తున్నాడనుకుని, ఆ సంతోషం కడుపులో పట్టక, మధ్యాహ్నానికల్లా కింది అంతస్తు వెంకటవ్వకు చెప్పింది. వెంకటవ్వ భర్త రాజనర్సుకు చెప్పింది. రాజనర్సు దేవదాస్ మిల్లులోనే రంగుల మాస్టరు కాబట్టి, మిగతా పని మిల్లు చూసుకుంది.

సోమవారం దేవదాస్ సెలవు చీటీ పట్టుకుని మిల్లు యజమాని నటూ సేఠ్ గదికి వెళ్ళాడు. బావమరిది పెళ్ళి అని చెబుదామని దారంతా బట్టీ పట్టాడు. ఆ బావమరిదికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు కూడా. తీరా ఆయన నోరు తెరిచేలోపే సేఠ్ చీటీ లాక్కుని సంతకం పెట్టేశాడు.

"వాస్తు కే లియే ఆఠ్ దిన్? లే లో. ఘర్ రోజ్ రోజ్ నహీ బన్‌తా," అన్నాడు సేఠ్.

గుజరాతీవాళ్ళు వాస్తు అనేది గృహప్రవేశాన్ని; ఇల్లు రోజూ కట్టుకునేది కాదు, ఎనిమిది రోజులూ తీసుకో అంటున్నాడు సేఠ్. దేవదాస్‌కు ఏమీ అర్థం కాక బయటికొస్తే, రాజనర్సు భుజం తట్టాడు.

"ఇండిపెండెంట్ స్కీమ్ల ఇల్లు కొన్నవంట గద. కడోదరా దిక్కేనా? మాకు చెప్పకపోతివి. గంగవ్వ చెప్పింది కాబట్టి తెలిసింది."

అప్పుడే వెనక్కి వెళ్ళి, ఇల్లు లేదు సేఠ్, మంచులో జారడానికి పోతున్నానని చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. దేవదాస్ చీటీ వంక చూశాడు. ఎనిమిది రోజులు. దీపావళికి తప్ప ఎన్నడూ సెలవివ్వని మిల్లు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికెళ్ళి అవ్వకైనా నిజం చెప్పాలనుకున్నాడు. గంగవ్వ కొత్త ఇత్తడి గిన్నె తోముతోంది.

"పాలు పొంగించనీకి తెచ్చిన కొడుకా. నువ్వు చెప్పకున్నా నాకు తెల్సులే. ఇరవై రెండేండ్లాయె, ఈ గడపకు పసుపు పూస్తే ఓనరు కడిగిపిస్తడు. జిందగీల ఒక్కసారి నా గడపకు నేను పసుపు పూస్త. ధనుర్మాసం అని పంతులు గులిగిండు. నా కొడుక్కు చుట్టీ అప్పుడే దొరుకుతది, ఏం జేద్దమన్న. ఇరవై అయిదు నాడు పాలన్న పొంగించుకో అన్నడు."

దేవదాస్ సెలవు చీటీని జేబులో ఇంకా లోపలికి తోశాడు. జీవితంలో ఒక్కటంటే ఒక్కటే కోరే మనుషులు ఒకే గదిలో ఇద్దరుంటే ఎంత ఇరుకో ఆయనకు అప్పుడు తెలిసింది. పైగా ఆయన ప్లానులో ఉన్నది ముగ్గురే. చలికి తట్టుకోలేదని అవ్వను వెంకటవ్వ దగ్గర ఉంచాలనుకున్నాడు.

"నువ్వు చెప్పరాదు," అన్నాడు భార్య విజయరాణితో.

"మీ అవ్వ, మీ స్కీ. నడుమ నేనేంది?" అంది విజయరాణి.

నువ్వంటే నువ్వని డిసెంబర్ ఇరవై ఒకటి దాకా లాక్కొచ్చారు. ఈలోగా వెంకటవ్వ కొత్త గుమ్మానికి జరీ ముక్కలతో తోరణం కుట్టింది. నటూ సేఠ్ తన చేత్తో ఒక ఇత్తడి పలక ఇచ్చాడు. దాని మీద గుజరాతీలో 'గంగా నివాస్' అని చెక్కించాడు. దేవదాస్ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఇరవై రెండు పొద్దున వీళ్ళు బ్యాగులు సర్దుకుంటుండగా కింద టెంపో హారన్ మోగింది. రాజనర్సు నలుగురు మనుషులను వెంటేసుకొచ్చి, సామాను మార్పించనా అని ఒక్క మాటైనా అడగకుండా బీరువా ఎత్తించాడు. అది రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుంది. వెనక మంచం, దాని వెనక ఫ్రిజ్జు. కిందివాళ్ళు పైకి రాలేరు, పైవాళ్ళు కిందికి పోలేరు. రైలుకు గంటన్నర ఉంది.

"అడ్రసు చెప్పు దేవదాసన్నా, టెంపో అతను అడుగుతుండు," అన్నాడు రాజనర్సు బీరువా అవతలి నుంచి.

దేవదాస్ మెట్ల మీద నిలబడి, తల్లి మొహం చూడకుండా చెప్పాడు.

"ఇల్లు లేదు అవ్వా. స్కీమ్ కాదు, స్కీ. మంచుల జారుడు. గంతే."

గంగవ్వ ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"జారనీకి గంత దూరమా కొడుకా? మన బాత్రూంల రోజు జారుతనే ఉన్నం గద," అంది. గిన్నె పక్కన పెట్టి, "మరి నేను యాడుంట?" అని అడిగింది.

"వెంకటవ్వ దగ్గర," అన్నాడు దేవదాస్. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆయనకు.

అమూల్య వచ్చి బాపమ్మ పక్కన కూర్చుని ఫోను చూపించింది. మనాలి అవతల ఒక చెక్క ఇల్లు. చుట్టూ ఎవరి గోడా లేదు. ముందు వాకిలి, గుమ్మం, గడప.

"గీ ఇల్లు ఎవల్ది?" అంది గంగవ్వ.

"మూడు రోజులు మనదే, బాపమ్మా."

గంగవ్వ బొమ్మలోని గడప మీద వేలు పెట్టి చూసింది. విజయరాణి బ్యాగులోంచి టికెట్లు తీసింది. నాలుగున్నాయి.

"నువ్వు చెప్పవని నాకు ఎరుకే. అందుకే టికెట్లు తీసిననాడే నాలుగు చేయించిన," అంది భర్తతో. అత్త స్వెట్టరు కూడా ఆ బ్యాగులోనే ఉంది. రాజనర్సు సేఠ్‌కు చెప్పనని మాటిచ్చి, బీరువాను మళ్ళీ పైకి ఎక్కించి, అదే టెంపోలో నలుగురినీ స్టేషన్లో దించాడు.

ఇరవై అయిదు పొద్దున, పంతులు చెప్పిన వేళకు, ఆ కొండ మీది చెక్క ఇంట్లో పాలు పొంగాయి. గంగవ్వ గడపకు పసుపు పూసి, వెంట తెచ్చుకున్న తోరణం కట్టి, తలుపుకు 'గంగా నివాస్' తగిలించింది. వాకిట్లో మంచు మీద బియ్యప్పిండితో ముగ్గేసింది. తెలుపు మీద తెలుపు, ఏమీ కనపడలేదు. అయినా చివరిదాకా వేసి, నడుము నిమురుకుంటూ లేచింది.

దేవదాస్ ఆ సమయానికి పైనున్న వాలు మీద కాళ్ళకు పలకలు కట్టుకుని నిలబడ్డాడు. చేతులు కొంకర్లు పోతున్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. పద్దెనిమిదేళ్ళు కోరుకున్న చలి ఇదే కదా అని కళ్ళు చెమర్చాయి. అప్పుడే జేబులో ఫోను మోగింది. నటూ సేఠ్, వీడియో కాల్.

"దేవా, వాస్తు హో గయా? ఘర్ దిఖా."

ఇల్లని చూపించడానికి ఏదైనా గోడ దొరుకుతుందేమోనని దేవదాస్ పక్కకు తిరిగాడు. పలకలు కూడా తిరిగాయి. ఆ తర్వాత సేఠ్‌కు ఆకాశం, మంచు, ఆకాశం, దేవదాస్ ముక్కు వరసగా కనపడ్డాయి. ఏభై అడుగుల కింద దేవదాస్ వెల్లకిలా ఆగాడు.

"మాఫ్ కరో సేఠ్," అన్నాడు పడుకునే. "ఘర్ నహీ హై. బరఫ్ హై."

ఇల్లు లేదని, ఉన్నది మంచేనని సేఠ్‌కు చెప్పేశాడు. పని పోయిందనుకున్నాడు దేవదాస్. నలభై ఏళ్ళుగా బాయిలర్ గోడ పక్క గదిలో కూర్చుంటున్న సేఠ్ ఫోనును కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, అది నిజం మంచేనా అని అడిగాడు.

"అస్లీ హై?"

"హా సేఠ్."

"ఫోన్ ఉఠా. ధీరే ధీరే దిఖా."

బ్యాటరీ అయిపోయేదాకా దేవదాస్ మంచులో కూర్చుని, సేఠ్‌కు కొండలన్నీ ఒక్కొక్కటిగా చూపించాడు.

తిరిగి వచ్చే రోజు గంగవ్వ ఆ ఇంటికి తాళం తనే వేస్తానంది. వేసి, ఒకసారి లాగి చూసి, తాళంచెవి కొడుకు చేతికివ్వడానికి కొంచెం ఆలస్యం చేసింది. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కే చూసింది.

ఇప్పుడు 'గంగా నివాస్' బమ్రోలి గదిలో ఫ్రిజ్జు మీద ఉంది. గోడకు మేకు కొట్టడానికి ఓనరు ఒప్పుకోలేదు.