మత్స్యపుచ్ఛ స్తంభనం

అవధరించండి! అరేబియా సముద్రపు హోరుతో పోటీపడి ఏసీ యంత్రాలు గర్జించే కొచ్చి మహానగరమున, కాక్కనాడు గుట్టమీది గాజుసౌధములో, వర్షధారలు కిటికీలను బాదుచుండగా, పళంపొరి యను అరటిపండు బజ్జీల వాసన మెట్లెక్కి వచ్చుచుండగా, ఒకానొక శుక్రవారపు అపరాహ్ణవేళ, దోషాన్వేషణధురంధర, అచంచలదృష్టిసంపన్న, చెంగనశ్శేరి వంశప్రదీపిక యగు డెల్నా ఒక చేపతో మహాసమరమునకు దిగెను. నవ్వకండి. ఆ చేపను మీరు చూడలేదు.

పడవ టికెట్లు అమ్మే యంత్రపు తెరమీద, కుడి మూలన, బొటనవేలి గోరంత నీలిచేప అది. ఆ యంత్రమును నిర్మించిన సేనకు అధిపతియగు సాజన్ స్వహస్తములతో గీసినది. అహోరాత్రములు తోక ఆడించుటే దాని వ్రతము. సేనలో తక్కినవారు దానిని చూసి చూసి, చూడడమే మరచిపోయిరి. డెల్నాకా భాగ్యము లేదు. ఆమెకు ఆటిజం. కదిలేది ఏదైనా ఆమె కంటిని పట్టి లాగేస్తుంది. ఇక ‘టికెట్’ అనే బొత్తాము ఎదుటనున్నా ఆనదు.

ఆ సేనలో ఒక కట్టడి కలదు: పరీక్షించువారు పచ్చబొత్తాము నొక్కనిదే ఏ యంత్రమూ గుమ్మం దాటరాదు. ఆ బొత్తాము ఇప్పుడు డెల్నా వేలి కిందనున్నది. పాపం, ఆమె ఉద్యోగమా ఇంకా ఖాయం కాలేదు. ‘అన్నిటికీ వంకలే’ అని పాత ఆఫీసువారు ఆమెను సాగనంపిరి. ఇక్కడా ఆ మాటే పడితే?

సాజన్ సింహమువలె వచ్చి నిలిచెను.

“ఏంటమ్మా, ఇంకా నొక్కలేదా?”

“నొక్కను, చేట్టా. ముందు ఆ చేప ఆగాలి” అని డెల్నా మలయాళ మర్యాదతో ఆ అన్నగారికి బదులిచ్చెను.

“అది నీకేం చేసింది? దాని మానాన అది ఈదుకుంటోంది!”

“అదే దాని తప్పు.”

పక్కబల్ల యోధుడు ఫెబిన్ అందుకొనెను. “తల్లీ, మాకెవరికీ కనపడని చేప నీకొక్కదానికేనా? పులుసు పెట్టేయ్, పీడా పోతుంది!”

“సోమవారం యంత్రం రేవులో ఉండాలి. ఇంత చిన్నదానికి ఆపుతావా?” అని సాజన్ గుడ్లురిమెను.

ఆ గొంతు డెల్నా ఎరుగును. పాత ఆఫీసులోనూ కథ ఈ గొంతుతోనే మొదలైనది. అయినను వీరాంగన వేలు కదలలేదు.

“చిన్నదైతే ఆపడం తేలికే కదా, చేట్టా?”

“సరే, రేవుకే పోదాం పద! నా చేపను జనం ముద్దాడతారో, తిడతారో అక్కడే తేలుతుంది” అని సాజన్ గొడుగు దూసెను.

రేవులో పరీక్ష కొరకే నిలిపిన నమూనా యంత్రమెదుట ఆ మహారథి నిలువగా, పడవ కూత ఒకవంక, చాళచేపల బేరాలు ఒకవంక, మెడలోకి కారు గొడుగు నీరు ఒకవంక, జేబులో అదిరిపడు ఫోను మరొకవంక చుట్టుముట్టగా, నడుమ నీలిచేప తోకాడించగా, ఆతడు బొత్తాము నొక్కెను. టికెట్ వెడలెను. వైపిన్‌కు!

“అయ్యో, నాకు ఫోర్ట్ కొచ్చి కదా కావలసింది!”

వెనుకనున్న పెద్దమ్మ జాలిపడెను. “చదువు రాదా నాయనా? జరుగు, నేను నొక్కిపెడతా.”

సాజన్ చెవులెర్రబడెను. “డెల్నా, ఈ తెర నాకు నోటికొచ్చు. ఏమైంది నాకు?”

“ఏం కాలేదు. అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. నాకు ఆఫీసులోనే ఇలా ఉంటుంది.”

“రోజూనా?”

“రోజూ. అక్కడ చేపలమ్మేవాళ్ళు ఉండరు, అంతే తేడా.”

సేనాపతి గొంతు తగ్గెను. “ఆపేద్దును గానీ, కదలని తెర చూస్తే నాకు నిద్రొస్తుందమ్మా. ఏదో ఒకటి కదలకపోతే నా బుర్ర పనిచేయదు. కుదురు లేదని బళ్ళో రోజూ బెంచీ ఎక్కించేవారు.”

డెల్నా తొలిసారి ఆతని ముఖము చూచెను. ఎంత చల్లబడెనో మనసు!

“అయితే టికెట్ వచ్చాక ఒక్కసారి ఆడనివ్వండి. అప్పుడు నా కన్ను అటు పోయినా నష్టం లేదు. పని అయిందని మీకూ తెలుస్తుంది.”

“ఓర్నీ! ఇది నాకెందుకు తట్టలేదు?”

రేవు బల్లమీదనే కూర్చుండి ఆతడు ల్యాప్‌టాప్ మీటలు టకటకలాడించెను. తెర నిశ్చలమాయెను. డెల్నా ఫోర్ట్ కొచ్చి నొక్కెను, టికెట్ వచ్చెను, చేప ఒక్కమారు తోకాడించి ఊరకుండెను. అంతట ఆమె ఆ ల్యాప్‌టాప్‌లోనే పచ్చబొత్తాము నొక్కెను.

“సోమవారం నుంచి నీ ఉద్యోగం ఖాయం. మన తెరలన్నీ ముందు నీ కన్నే చూడాలి” అని సాజన్ పలికెను. “చెప్పు, ఇంకేమైనా కదులుతోందా?”

“మీ కాలు, చేట్టా.”

బల్లకింద తాండవమాడు తన పాదమును ఆతడప్పుడే కనుగొని, రెండుచేతులా అదిమి పట్టెను. మొహం మాత్రం పాపం, ఊపిరాడనట్లయ్యెను.

“వద్దులెండి, ఆడించుకోండి. నేను ఇటు తిరిగి కూర్చుంటా” అని డెల్నా జరిగి కూర్చుండెను.

జనులారా, వినుడు! రక్తపాతము లేకయే, ఒక్క టికెట్ మాత్రము వృథాయై, బొటనవేలి గోరంత చేప తోక ఆ సాయంకాలము జయింపబడెను. సేనాపతి పాదము మాత్రము యథేచ్ఛగా ఊగుచుండెను. జయము డెల్నాకు!