శాంతి హామీదారు రెండో కొడుకు

యాంగూన్ నగరంలో, మనవాళ్ళు ఇప్పటికీ రంగూన్ అనే ఆ ఊళ్ళో, ఒక వార్డు పరిధిలో ఇకమీదట హింస జరగరాదని వార్డు ఆఫీసువారు వర్షాకాలం మొదట్లో తీర్మానించారు. తీర్మానాన్ని నోటీసు బోర్డుకు అంటించారు. దేశం నలుమూలలా జరుగుతున్న యుద్ధం సదరు తీర్మానం కిందికి రాదనీ, దాన్ని పైవారు చూసుకుంటారనీ, వార్డువారి పూచీ వీధుల వరకేననీ అడుగున చిన్న అక్షరాలతో స్పష్టం చేశారు. ప్రజలు చదివి ఊరట చెందారు.

హింసను ఆపాలంటే అందుకో మనిషి జవాబుదారీగా ఉండాలి కదా. కనుక వీధికొక శాంతి హామీదారును నియమించారు. వీధిలో ఏ గొడవా జరగకుండా చూడటం ఆయన విధి. జరిగితే శిక్ష కూడా ఆయనకే. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వీధికి ధర్మారావుగారే తగినవారని అందరూ ఏకగ్రీవంగా అన్నారు. మిగతావాళ్ళెవరూ ఆ పదవికి ఒప్పుకోకపోవడం వల్ల ఏకగ్రీవానికి ఏ అడ్డంకీ లేకపోయింది.

ధర్మారావుగారి తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. మనవడు అదే రేవు దగ్గర ఒక ఓడల కంపెనీ ఆఫీసులో కుర్చీలో కూర్చుని రిటైరయ్యారు. ప్రస్తుతం అమ్మవారి గుడి కమిటీకి కార్యదర్శి. పదవులంటే ఆయనకు మరీ ప్రాణమేమీ కాదు. ప్రాణమల్లా ఒక్కగానొక్క కొడుకు హరినాథ్. వాడికి ఇరవై రెండేళ్ళు, అంటే సరిగ్గా పటాలంలో చేరే వయసు. కొత్త చట్టం వచ్చాక ఆ ఈడు కుర్రాళ్ళ పేర్లు చీటీలు రాసి లాటరీ తీస్తున్నారు. పేరు వచ్చినవాడు యుద్ధానికి వెళ్ళాలి. హామీదారు ఇంటి చీటీ లాటరీలో వెయ్యరని బజారులో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట ఆఫీసువారు అనలేదు. కాదని కూడా అనలేదు. ధర్మారావుగారికి ఆ మాత్రం చాలింది.

బాధ్యత చేపట్టగానే ఆయన వీధిలో హింసను వేళ్ళతో సహా పెకిలించడం మొదలుపెట్టారు. దీపావళి టపాకాయలను అందరూ చూసి ఆనందించి, మళ్ళీ డబ్బాలో పెట్టెయ్యాలన్నారు. జాతర డప్పుల మీద దుప్పట్లు కప్పించారు. అమ్మవారికి కోడి బదులు గుమ్మడికాయ చాలన్నారు. పదిమందిలో కత్తి ఎత్తడం ప్రమాదం కనుక, కాయను కొయ్యకుండానే ఎదురుగా పెట్టి, కోసినట్టే భావించమని అమ్మవారిని ప్రార్థించారు. అమ్మవారు అభ్యంతరం చెప్పలేదు.

గిన్నెల సంగతి కాస్త జటిలమైంది. కొన్నేళ్ళ కిందట సైన్యం గద్దెనెక్కినప్పుడు ఊరు ఊరంతా చీకటి పడగానే గిన్నెలూ మూకుళ్ళూ వాయించి, పీడా విరగడ కమ్మని మొత్తుకుంది. ఇంట్లో చేరిన దయ్యాన్ని అలా చప్పుడు చేసి తరమడం ఈ దేశపు ఆచారం. ఆ రోజుల్లో ఏ దయ్యాన్ని తరిమారో ఇక్కడ రాయనక్కరలేదు. అది వెళ్ళలేదన్నది మాత్రం అందరికీ తెలుసు. అప్పటినుంచి నాలుగు స్టీలు గిన్నెలు ఒక్కసారి మోగితే ఆఫీసువారు కుర్చీల్లోంచి లేచి నిలబడుతున్నారు. అందుచేత వీధిలో ఒకరి తర్వాత ఒకరే గిన్నెలు తోముకోవాలని ధర్మారావుగారు ఉత్తర్వు వేశారు. ముందెవరు తోమాలన్న దానిమీద కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. ఆయన దాన్ని సుహృద్భావ చర్చ కింద నివేదించారు.

ఇంతలో ఒక విదేశీ సంస్థవారు మంచి హోటల్లో సదస్సు పెట్టి, హింసను ముందుగానే పసిగట్టడం ఎలాగో నేర్పించారు. వాళ్ళ నిపుణుడు చాలా చదువుకున్నవాడు, మనసు కూడా మంచిదే. పనీపాటా, ఆశా భరోసా లేని యువకులు ఎక్కువైన చోట హింస పుట్టే అవకాశం ఉంటుందని తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. అది విని వార్డు పెద్ద ఊ సాన్ లేచి ఉపన్యసించాడు. "యువకులే హింసకు మూలమని నిపుణులే తేల్చారు. కనుక మన యువకులను ఎంత తొందరగా యుద్ధానికి పంపిస్తే, మన వార్డులో అంత తొందరగా శాంతి నెలకొంటుంది." దుబాసీ ఈ మాటలను ఎంత మర్యాదగా మార్చి చెప్పాడోగాని, నిపుణుడు కూడా చప్పట్లు కొట్టాడు. తర్వాత బిర్యానీ పెట్టారు.

ఆ చప్పట్ల వేడిలో ధర్మారావుగారికి కూడా రెండు ముక్కలు మాట్లాడాలనిపించింది. అక్కడే ఆయన కొంప మునిగింది. రంగూన్‌లో పుట్టిన మన పిల్లలకు రెండేసి పేర్లుంటాయి. ఇంట్లో తెలుగు పేరు, కాగితాల మీద బర్మా పేరు. హరినాథ్ కాగితాల మీద టున్ లిన్. ధర్మారావుగారు భాషాభిమానంతో కంఠం వణికిస్తూ, "తాతలు పెట్టుకున్న పేర్లు పోగొట్టుకుంటే జాతి మిగలదు. మా బిడ్డల తెలుగు పేర్లు కూడా మీ రికార్డులోకి ఎక్కాలి. ముందుగా నా కొడుకు పేరు ఎక్కించండి" అని కోరారు. ఆఫీసువారు ప్రజల కోరిక మన్నించడం చాలా అరుదు. ఇది మాత్రం ఆ రోజే మన్నించారు. టున్ లిన్ అలాగే ఉన్నాడు, పక్కన హరినాథ్ కొత్తగా పుట్టాడు. పటాలం వయసులోనే పుట్టాడు.

సంగతి తెలిసి ఆయన భార్య కోటేశ్వరి నెత్తి కొట్టుకుంది. "ఏటయ్యా ఇది? ఒక్కగానొక్క గుంటడికి రెండు సీటీలు ఏయించినావా? ఎవులైనా సీటీ తీయించుకుంతారు గానీ, ఎదురెల్లి ఇంకోటి ఏయించుకుంతారా?"

"హామీదారు ఇంటి చీటీలు వెయ్యరే," అన్నారాయన.

వేశారు. రెండూ వేశారు. చీటీల పెట్టెకు చెదలు పట్టడంతో ఆఫీసులోని రైస్ కుక్కర్ గిన్నె తెచ్చి, అందులో కలియబెట్టి తీశారు. అంతా ఎంతో ప్రశాంతంగా జరిగింది. తల్లులు కూడా చీర కొంగులు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చారు. మూడో చీటీ విప్పి ఊ సాన్, "టున్ లిన్" అని చదివాడు.

వీధికి హామీ ఇచ్చిన మనిషి వీధిలో కూలబడకూడదని గుర్తుంచుకుని, ధర్మారావుగారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అప్పుడు కోటేశ్వరి గొంతు లేచింది.

"టున్ లిన్నంటే ఎవులు బాబూ? మా ఓడు హరినాదు. ఈదిలో ఎవుల్నైనా అడగండి. మీ పుస్తకంలోనే ఏరేగా రాసుకున్నారు కదేటి?"

ఊ సాన్ రికార్డు తెప్పించి చూశాడు. నిజమే. రికార్డు ప్రకారం వీళ్ళు ఇద్దరు. రికార్డు తప్పు అని ఒప్పుకుంటే, తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అటువంటి ప్రశ్నలే హింసకు దారితీస్తాయి. అందుచేత ఆయన తీర్పు చెప్పాడు. "హరినాథ్ చీటీ రాలేదు, అతను ఇంటికి వెళ్ళవచ్చు. టున్ లిన్ చీటీ వచ్చింది. అతన్ని వారంలోగా, ఏ గొడవా లేకుండా హామీదారుగారే అప్పగించాలి. లేదంటే ఆయన్ని ఇన్సేన్ జైలుకు అప్పగిస్తాం."

కొడుకు దక్కాడు. తండ్రి దక్కాలంటే ఇప్పుడొక టున్ లిన్ కావాలి.

గుడిలో కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. అందరికీ కొడుకులున్నారు కనుక అందరూ నెత్తిమీది ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు, అయినా చాలాసేపు చూశారు. చివరికి కోశాధికారి జగదీశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. "సభ్యులారా! మన సమాజంలో ఏ కార్డూ లేక అల్లాడుతున్న పేదలున్నారు. వాళ్ళను ఆదుకోవడం మన ధర్మం కాదా? ఉదాహరణకు మన తాయారమ్మ కొడుకు దండాసి..." మాట పూర్తి కాకుండానే సభలో అందరికీ పేదల మీద జాలి పొంగుకొచ్చింది.

తాయారమ్మ వాళ్ళు గంజాం నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో సగం తెలుగు, సగం ఒరియా. మామగారి కాలం నుంచి పౌరసత్వం కార్డు కోసం తిరుగుతూనే ఉన్నారు, మీరు ఈ దేశస్థులని ఏమిటి నమ్మకమని ఆఫీసువారు అడుగుతూనే ఉన్నారు. దండాసి ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో ప్యాంట్లు ఇస్త్రీ చేస్తాడు. కార్డు లేదు కాబట్టి దారిలో చెక్‌పోస్టు వచ్చేముందే బండి దిగి, డొంకదారిన నడిచి వెళతాడు.

ధర్మారావుగారు వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి కార్డు అనగానే తాయారమ్మ పీట వేసింది. దండాసి మాత్రం నిలబడే అడిగాడు.

"పటాలానికే కదా పెద్దయ్యా?"

ధర్మారావుగారు నేల చూశారు. "అవున్రా. మీ అమ్మకి అద్దె లేకుండా గది ఇప్పిస్తాం. తిండికి లోటు రానివ్వం."

దండాసి తల ఊపాడు. "కార్డు లేనోడిని ఏదో ఓనాడు రోడ్డుమీద ఎలాగూ ఎత్తికెల్లిపోతారు. కార్డుంటే పేరెట్టి పిలిసి ఎత్తికెల్తారు. అదీ ఓ మర్యాదే." తర్వాత అడిగాడు, "పేరు మాత్రం నాది కాదు, అంతేనా?"

"అంతేరా."

ధర్మారావుగారు ఇంటికి వచ్చి అన్నం వద్దన్నారు. కోటేశ్వరి కూడా తినలేదు. హరినాథ్ తన గదిలోంచి బయటికి రాలేదు. మర్నాటికి అందరికీ ఆకలి వేసింది.

మూడు తరాలుగా దొరకని కార్డు ఒక్క మధ్యాహ్నంలో తయారైంది. ఫోటో దండాసిది, పేరు టున్ లిన్, తండ్రి ధర్మారావుగారు. ప్రభుత్వం తల్చుకుంటే ఎంత వేగంగా పనిచేయగలదో చూసి కమిటీవారు ఆశ్చర్యపోయారు. దండాసికి గుళ్ళో పూలమాల వేసి, ఉపన్యాసాలు ఇచ్చి, లారీ ఎక్కించారు. వీధిలో చిన్న తోపులాట కూడా జరగలేదు.

శిక్షణ ముగిశాక కవాతు చూడటానికి తల్లిదండ్రులను పిలిచారు. తాయారమ్మకు కార్డు లేదు కనుక దారిలో చెక్‌పోస్టు దాటనివ్వరు. ఆవిడ ధర్మారావుగారి చొక్కా ఇస్త్రీ చేసిపెట్టి, "మా వోడు సిక్కిపోనాడేమో సూడండి బాబూ" అంది. కవాతులో దండాసి ధర్మారావుగారిని చూసి, ఆయన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికాడు. ఒక అధికారి వచ్చి ఆయన చెయ్యి ఊపి, కన్నకొడుకును దేశానికిచ్చిన తండ్రి అంటూ ప్రశంసాపత్రం ఇచ్చాడు. "ఈ కొడుకు మా దగ్గర ఉన్నంతకాలం మీ ఇంట్లో ఇంకో కొడుకు జోలికి రాము," అని అభయం కూడా ఇచ్చాడు. "ఇతనికి ఏదైనా అయితే మాత్రం రెండోవాడి వంతు."

ఈ విజయగాథ వీధిలో పాకింది. ఇప్పుడు ప్రతి తండ్రీ తన కొడుక్కి రెండో పేరు కూడా రికార్డులో ఎక్కించమని ఆఫీసు ముందు నిలబడుతున్నాడు. తెలుగు భాష మీద ఇంత మమకారం ఆ వార్డు ఎన్నడూ చూసి ఎరగదు. కార్డు లేని గంజాం వాళ్ళకు ఇల్లు ఇవ్వడానికి జడిసిన వాళ్ళే, ఈడొచ్చిన కొడుకున్న అటువంటి కుటుంబం ఎక్కడైనా ఉందా అని వాకబు చేస్తున్నారు. అద్దె అక్కర్లేదంటున్నారు. కుర్రాడికి పాలు పోస్తున్నారు. మనుషుల మధ్య ఇంత సామరస్యం ఏ నిపుణుడూ సాధించలేకపోయాడు.

ధర్మారావుగారిలో వచ్చిన మార్పు అందరికంటే గొప్పది. ఆయన పొద్దున లేస్తూనే సరిహద్దు వార్తలు వింటారు. ఫిరంగుల మాట వినగానే చెమటలు పడతాయి. దండాసి ఏ కొండల్లో ఉన్నాడో, తిన్నాడో లేదో అని గిలగిల్లాడిపోతారు. వాడు క్షేమంగా ఉంటే జాతరలో నిప్పులు తొక్కుతానని మొక్కుకుని, షుగరు జబ్బు పాదాలతో నిజంగానే తొక్కారు.

కాళ్ళు బొబ్బలెక్కి గుడి అరుగు మీద కూర్చున్న ఆయన ముందు తాయారమ్మ సాష్టాంగపడింది. "కన్నతల్లిని, నానే తొక్కలేదు బాబూ. మా గుంటడి కోసం మీరు తొక్కినారు. మీరు దేముడు."

ధర్మారావుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు హరి ఎంతో దండాసీ అంతే తాయారమ్మా. వాడికేమైనా అయితే నేను తట్టుకోలేను," అన్నారు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఏడ్చారు. చదువుతున్న మీకు కూడా కళ్ళు చెమర్చే ఉంటాయి. మీ అబ్బాయి పక్క గదిలోనే ఉన్నాడు కాబట్టి, తీరిగ్గా తుడుచుకోండి.