అరుదైన జబ్బుకు ఆరు నిమిషాల నడక

అరుదైన జబ్బులను జిల్లా పొలిమేరలు దాటించి తీరతానని మంత్రి హనుమంతరావుగారు తెనాలి సభలో ప్రకటించారు. 1991లో అలాంటి మాట అనగలిగిన నాయకుడు దేశంలో ఇంకొకరు లేరు. ఉన్న జబ్బులతో అందరూ పోరాడతారు. లేని జబ్బులతో పోరాడటానికి గుండె కావాలి.

చిక్కల్లా రోగుల దగ్గరే వచ్చింది. కండరాల్లో సత్తువ హరించే అలాంటి జబ్బొకటి, రీసెర్చి చేస్తున్న డాక్టర్ వసుంధరగారికి ఒక్కరిలోనే దొరికింది. ఆవిడ కొల్లిపర మిషన్ బడి టీచరు అన్నమ్మగారు. విదేశం నుంచి వచ్చిన మందూ ఒక్కరికే సరిపోతుంది.

"ప్రజాస్వామ్యంలో ఒక్కరికే జబ్బేంటమ్మా?" అన్నారు మంత్రిగారు. "బాపట్ల ఏమనుకుంటుంది? రేపల్లె ఊరుకుంటుందా?"

"జబ్బు లేనందుకు సంతోషించాలి కదండీ," అన్నారు డాక్టరమ్మ.

"సంతోషించినోళ్లు ఓటెయ్యరమ్మా!"

మందుతోపాటు జీవితాంతం ఉచిత బస్సు పాసు అని ఆయన ప్రకటించగానే జిల్లా ఆరోగ్యం అమాంతం పాడైంది. కాకుమాను నుంచి కబడ్డీ జట్టు జట్టంతా నీరసపడి వచ్చింది. కొల్లూరు లంకల్లో అరటిగెలలు మోసేవాళ్లు లారీలోంచి దూకి, దూకాక మూలిగారు. రేపల్లె యువజన నాయకుడు పున్నారావును నలుగురు మంచం మీద మోసుకొచ్చారు.

డాక్టరమ్మ అందరికీ కండ ముక్క తీసి పరీక్షించాలన్నారు.

"ప్రజల్ని కొయ్యడం మా పార్టీ విధానం కాదు," అన్నారు మంత్రిగారు.

ఇక మిగిలింది నడక పరీక్ష. ఆరు నిమిషాల్లో అందరికంటే తక్కువ దూరం నడిచినవారికి మందు, పాసు. విజిల్ ఊదగానే కాలేజీ గ్రౌండంతా స్తంభించింది. అంత నిదానంగా సాగిన పోటీ నేనెన్నడూ చూడలేదు. కబడ్డీ కెప్టెన్ ఒక అడుగు ఎత్తి, ఆలోచించి, మళ్లీ అక్కడే పెట్టాడు. పున్నారావు అయితే వెనక్కి కూడా జరిగాడు. జనం ఈలలు వేశారు.

గంజిపెట్టిన తెల్లచీరలో అన్నమ్మగారు మాత్రం పళ్లు బిగించి నడుస్తున్నారు.

"నెమ్మదిగా, టీచరుగారూ!" అంటూ డాక్టరమ్మ పక్కనే నడిచారు.

"పెద్దవాళ్లు కూర్చునుండగా కాళ్లీడిస్తే ఏం మర్యాదండీ? మా బళ్లో పిల్లలు కూడా చూస్తున్నారు."

అలాగే గ్రౌండు చివరిదాకా వెళ్లి కూలబడ్డారు.

"సార్, రోగి ఆవిడొక్కరే!" అన్నారు డాక్టరమ్మ.

"అందర్నీ దాటేసిందిగా తల్లీ! నా కళ్లతో నేను చూశా."

మందు, పాసు పున్నారావుకు దక్కాయి. అన్నమ్మగారి పట్టుదలకు మెచ్చి మంత్రిగారు అప్పటికప్పుడు ఒక స్టీలు బిందె బహూకరించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని లేవబోయారు కానీ, లేవలేకపోయారు.

ఆ సమయానికి కొల్లిపర బస్సు కదిలింది. పున్నారావు మంచి మనిషి. మందుపెట్టె చంకలో ఇరికించుకుని, బిందె భుజాన వేసుకుని, "టీచరమ్మ వస్తున్నారు, ఆపండెహే!" అంటూ బస్సు వెంటపడి మలుపు తిరిగేలోపే అందుకున్నాడు.