తిత్తికి పడిన చిల్లు

సోమవారం పొద్దున్న పురుగుల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయన బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆ పేరు పెట్టింది వీధివాళ్ళు. కిటికీ గట్టు మీద అట్టపెట్టెలో ఉన్న గూడు రంగు మారడం మొదలైంది. నాలుగైదు రోజుల్లో అందులోంచి సీతాకోకచిలుక వస్తుంది. దాని రెక్క మీది పొలుసులు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడేలా ఫోటో తీయాలి, అంతే. ఆ జాతి దొరకడానికే రెండేళ్లు పట్టింది. మరో రెండేళ్లు ఆగుదామంటే కుడికన్ను ఈ ఏడాది దాటదని డాక్టరు చెప్పేశాడు. ఎడమది ఎప్పుడో చేతులెత్తేసింది.

ఫోటో తీసే యంత్రం మాస్టారికంటే నాలుగేళ్లే చిన్నది. కెమెరాకీ లెన్సుకీ మధ్య మడతలు మడతలుగా నల్లటి తిత్తి ఉంటుంది. అది ఎంత సాగితే పురుగు అంత పెద్దగా కనిపిస్తుంది. ఆ తిత్తి మూలన ఆవగింజంత చిల్లు పడి వెలుతురు చొరబడుతోంది.

"కాస్త నల్ల టేపు అంటించండి," అంది భార్య.

"దీనికి టేపా? నీకేమైనా మతిపోయిందా? కొత్త తిత్తే వేయిస్తాను!"

పాత కెమెరాల మెకానిక్ ఫోనులో కొలత అడిగాడు. "తిత్తి అతికే ముందువైపు ప్లేటు ఊడదీసి తెచ్చి ట్రేలో పెట్టేసి వెళ్ళండి సార్. నేను లోపల పనిలో ఉంటాను."

ఆ కొట్లో బల్ల మీద రెండు ట్రేలుంటాయి. ఎడమది రిపేరుకి, కుడిది అమ్మకానికి. ఈ సంగతి మాస్టారికీ తెలుసు. కానీ ఎడమ ట్రేలో వేలెడు దుమ్ముంది. ఇన్నేళ్లూ మెత్తటి గుడ్డతో తుడుచుకున్న ప్లేటును అందులో పెట్టడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. శుభ్రంగా ఉన్న కుడి ట్రేలో పెట్టి వచ్చేశారు.

బల్ల దగ్గర కూర్చునే మెకానిక్ భార్య పని, కుడి ట్రేలో ఉన్నది అమ్మడం. ఆమె అమ్మేసింది. మొగుడూ పెళ్ళాలకు ఆ వారం మాటల్లేవు. ఎడమ ట్రే వెతికి వెతికి, ప్లేటును తానే ఎక్కడో పారేశాననుకున్నాడు మెకానిక్. ఆ మాట చెప్పడానికి నామోషీ.

"కొలత సరిగ్గా తేలలేదు సార్. ఇంకో ముక్క తెండి," అన్నాడు మంగళవారం.

మాస్టారు తిత్తి వెనకవైపు రింగు తెచ్చి మళ్ళీ కుడి ట్రేలోనే పెట్టారు. దాంతోనూ కొలత తేలలేదు. బుధవారం తిత్తి జరిగే కింది పట్టాలు, గురువారం లెన్సు పోయాయి. ఇంట్లో కెమెరా కాక చిల్లు తిత్తి ఒక్కటే మిగిలింది.

శుక్రవారం పొద్దున్న గూడు చిట్లింది. అప్పుడే మెకానిక్ ఫోను. "దొరికింది సార్! పళ్ళ డాక్టరుగారి దగ్గర అచ్చం ఇలాంటి యంత్రమే ఉందట. మా ఆవిడ ఇప్పుడే నోరు విప్పింది."

మాస్టారు పళ్ళ డాక్టరుకు ఫోను కలిపారు. "మీ దగ్గర తిత్తి ఉందాండీ?"

"అదొక్కటే లేదండీ! కెమెరా ఎప్పటినుంచో ఉంది, మిగతావన్నీ ఈ వారమే దొరికాయి. ప్లేటు, రింగు, పట్టాలు, లెన్సు... ఎవరో పెద్దాయన పోయినట్టున్నారు పాపం. ఇంట్లోవాళ్ళు రోజుకొకటి అమ్ముకుంటున్నారు."

మాస్టారు ఒంటరిగా మిగిలిన తిత్తి కేసి చూశారు.

"పోలేదండీ," అన్నారు చివరికి.

సంగతి విని, అరగంటలో డాక్టరు యంత్రంతో సహా వచ్చాడు. మాస్టారి భార్య చిల్లుకి టేపు అంటించింది, నిమిషం పట్టలేదు. తిత్తి బిగించారు. వెలుతురు కోసం కిటికీ తీశారు, పెట్టె మూత తీశారు. సీతాకోకచిలుక రెక్కలు ఆరబెట్టుకుంటూ కదలకుండా కూర్చుంది. మాస్టారు కుడికన్ను ఆనించబోయారు.

"ఆగండి. యంత్రం నాది, ముందు నేను చూస్తాను," అన్నాడు డాక్టరు.

"తిత్తి ఎవరిదనుకున్నారు?"

"కొన్నవి వెనక్కివ్వమంటారా ఏంటి? ఎక్కడి న్యాయమండీ ఇది?"

"నేను అమ్మితే కదా మీరు కొనడానికి!"

"ఏమండీ," అంది భార్య. ఇద్దరూ వినిపించుకోలేదు. ఆమె మళ్ళీ అంది, "ఏమండీ, అది ఎగిరిపోయింది."

మాస్టారు కిటికీలోంచి చూశారు. అంత దూరం ఆయనకు కనిపించదు. ఇక ఆ రెక్కను ఈ జన్మలో చూడలేనని అర్థమై ఏడుపొచ్చింది. ఏడవడానికి నోరు తెరిచారు. డాక్టరుకు సిగ్గేసింది. తన వల్ల ఇంత జరిగింది, ఏదో ఒక సాయం చేయకపోతే బాగుండదనుకున్నాడు. తనకు తెలిసిన సాయం ఒక్కటే.

"అలాగే ఉండండి, నోరు మూయకండి," అని యంత్రాన్ని మాస్టారి వైపు తిప్పాడు.

ఫోటో చాలా స్పష్టంగా వచ్చింది. కింది దవడలో పన్ను పీకేయాలట.